కట్టేసిన టీవీ

డల్సీకి నాయనమ్మ పేరే పెట్టారు. ఆ ముసలామెను మట్టి చేసిన రోజే మెల్‌బోర్న్‌లో డల్సీ ఆడాల్సిన ఫుట్‌బాల్ ఫైనల్ పడింది. "తల్లో తండ్రో పోతే సెలవిస్తాం, నాయనమ్మలకు ఇవ్వం" అన్నాడు క్లబ్బు పెద్దమనిషి. పళ్లు బిగబట్టి ఆడింది, గెలిపించింది. మైదానమంతా డల్సీ, డల్సీ అని ఊగిపోయింది.

వెంటనే ఎడారిలోని తమ గూడేనికి ఫోన్ చేసింది.

"చూశావా అత్తా?"

"ఎట్లా చూస్తామే? పోయినామె పేరు ఏడాదిదాకా ఎవరి నోటా రాకూడదాయె. ఆ టీవీవాడేమో అదే పేరు ఒకటే అరవడం. కట్టేసి బయట కూర్చున్నాం."

"మరి నన్నిప్పుడు ఏమని పిలుస్తున్నారు?"



"అదే పేరున్న నీ పెదనాన్న కూతురికి మట్టి దగ్గరే వేరే పేరు పెట్టాం. నువ్వు రాలేదుగా. ఇక్కడ నిన్నెవరూ పిలవట్లేదు."