మా యారాలు వేసిన చుక్కలు

ఆ రోజు పొద్దున నేను మా ఆయన అంగీతో మాట్లాడాను. పెరట్లో తీగ మీద అంగీ, దాని పక్కనే లుంగీ ఆరేసి ఉన్నాయి. గాలికి అంగీ చేతులు మెల్లగా కదులుతుంటే ఆయనే అక్కడ నిలబడ్డాడనుకున్నాను. "గ్యాస్ అయిపోయింది, బుక్ చెయ్యమని నిన్ననే చెప్పిన గద" అన్నాను. జవాబు రాలేదు. జవాబు రాకపోవడం మా ఇంట్లో కొత్త కాదు కాబట్టి ఇంకో నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. అప్పుడు నా వెనక, గడప దగ్గర్నుంచి ఆయన గొంతు వినిపించింది.

"ఎవలతోని మాట్లాడుతున్నవే?"

గోడ అవతల ఎవరో నవ్వాపుకుంటున్న చప్పుడైంది. ఆ గోడ అవతలిది మా మరిది ఇల్లు. నవ్వింది మరిది భార్య, మా యారాలు. ఆమె నాతో మాట్లాడక అప్పటికి మూడేళ్లు దాటింది. ఎందుకు మాట్లాడదో నాకు తెలియదు. నేనూ అడగలేదు. అన్నదమ్ములిద్దరూ మాత్రం గోడ మీద మోచేతులు ఆనించి రోజూ ముచ్చట్లు పెట్టుకుంటూనే ఉండేవారు.

మాది పెగడపల్లి దగ్గర ఒక ఊరు. మా ఆయన నలభై ఏళ్లు తాటిచెట్లెక్కి కల్లు గీశాడు. మోకాళ్లు మొండికేశాక చెట్టెక్కే మోకు తీసి దూలానికి తగిలించాడు. నేను ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌గా ముప్పై ఏళ్లు పనిచేశాను. కళ్లు మసకబారడం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. అద్దాలు మురికయ్యాయనుకుని కొంగుతో తుడుచుకునేదాన్ని. బల్బు చుట్టూ గాజుల్లా వలయాలు కనిపిస్తే కరెంటు బాగాలేదనుకునేదాన్ని. అంగీ సంగతి మా ఆయన ఫోన్లో చెప్పడంతో మా బిడ్డ ఆ ఆదివారమే కోరుట్ల నుంచి వచ్చింది. మర్నాడు నన్ను జగిత్యాలలో కంటి దవాఖానకు తీసుకుపోయింది.

డాక్టరమ్మ మా బిడ్డ కంటే చిన్నది. నా ఎడమకన్ను మూసి, "ఎన్ని వేళ్లో చెప్పమ్మా" అంది.

"ముందుగాల చెయ్యెక్కడున్నదో చెప్పు బిడ్డా" అన్నాను.

ఆమె నవ్వి, రెండు కళ్లలోనూ మోతిబిందు, అంటే శుక్లాల పొర, ఉందనీ, కుడికంటిది బాగా ముదిరిందనీ చెప్పింది. ముందు కుడికన్ను, నెలన్నర తర్వాత ఎడమకన్ను. పొర తీసేసి లోపల లెన్స్ పెడతారు. పావుగంట పని.

ఆపరేషన్ రోజు మమ్మల్ని ఏడుగురిని ఒక బెంచీ మీద వరసగా కూర్చోబెట్టారు. అందరికీ ఆకుపచ్చ టోపీలు, ఆపరేషన్ జరిగే కంటిపైన నుదుటి మీద తెల్లటి ప్లాస్టర్ ముక్క. కనుపాప పెద్దది కావడానికి పది నిమిషాలకోసారి మందు వేస్తున్నారు. నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. ఆమె నా మోచేయి గట్టిగా పట్టుకుంది.

"కన్ను బైటికి తీసి, చెంప మీద పెట్టి, కడిగి మల్ల పెడ్తరట గద అక్కా?"

ముప్పై ఏళ్లు తల్లులకు టీకాల గురించి చెప్పినదాన్ని, ఊరుకుంటానా? కన్ను ఎక్కడికీ పోదని, సన్నటి గాటు పెట్టి పొర మాత్రమే తీస్తారని, సూది పొడిచినంత నొప్పి కూడా ఉండదని వివరంగా చెప్పాను. నా మాటలకు ఆమె కుదుటపడి, గోడకు తల ఆనించి కునుకు తీసింది. కాసేపటికి నర్సు వచ్చి మా ఇద్దరికీ బీపీ చూసింది. ఆమెది సరిగ్గా ఉంది. నాది పెరిగింది. ఆమెను ముందు లోపలికి పంపించి, నన్ను గంటసేపు పడుకోబెట్టారు.

లోపల మొహం మీద గుడ్డ కప్పారు. కన్ను దగ్గర మాత్రమే రంధ్రం. కళ్లు మూసుకుని ఉంటే అయిపోతుందనుకున్నాను కానీ, మూసుకునే వీలే లేదు, రెప్పలు పట్టి ఉంచారు. పెద్ద వెలుగు ఒకటి మీదికి వచ్చింది. ఆ వెలుగులో వానాకాలం గుంటలో డీజిల్ పడితే తేలే రంగులు తిరగసాగాయి. నీళ్లు చల్లగా తగులుతున్నాయి. నొప్పి లేదు. డాక్టరమ్మ నర్సుని "ఇయ్యాల ఏం కూర తెచ్చుకున్నవ్?" అని అడిగింది. బెండకాయ అని ఆ అమ్మాయి చెప్పింది. నాకు ధైర్యం వచ్చింది. కూరగాయల గురించి మాట్లాడుకుంటున్నారంటే నా కన్ను బాగానే ఉందన్నమాట.

"అయిపోయిందమ్మా" అన్నారు.

"ఇంక మొదలువెట్టలేదనుకున్న" అన్నాను.

మర్నాడు పొద్దున కట్టు విప్పారు. ఎదురుగా మా బిడ్డ నిలబడి ఉంది. పాపిట్లో నాలుగు తెల్లవెంట్రుకలు, కళ్ల కింద నలుపు, బుగ్గ మీద చిన్నప్పటి అమ్మవారి మచ్చ. అన్నీ ఒక్కసారే కనిపించాయి.

"కనవడ్తున్ననా అవ్వా?"

"నువ్వు గింత సన్నగ ఎప్పుడైనవే?"

"రెండేండ్ల సంది గిట్లనే ఉన్న. ఇయ్యాలనే సూసినవా?" అని అది నవ్వింది. ఏడవకూడదని డాక్టరమ్మ చెప్పిందని గుర్తొచ్చి, నేనూ నవ్వేశాను.

నన్ను కోరుట్లలో తన ఇంటికే తీసుకుపోయి పది రోజులు ఉంచుకుంటానంది మా బిడ్డ. పోయాను. కానీ అది బీడీలు చుడుతుంది. పక్కిళ్ల ఆడవాళ్లు నలుగురు చాటలు పట్టుకుని దాని వాకిట్లోనే కూర్చుంటారు. తంబాకు పొడి గాలికి ఇల్లంతా తిరుగుతుంది. కంటిలో దుమ్ము పడొద్దు, గట్టిగా తుమ్మొద్దు అని దవాఖానలో చెప్పి పంపారు. నేను మొదటి సాయంత్రమే మూడు తుమ్ములు ముక్కు పట్టుకుని ఆపాను. వారం రోజులు పని బంద్ చేస్తానని బిడ్డ అంది. అలా అన్నప్పుడు చాటల దగ్గరి చేతులన్నీ ఒక్క క్షణం ఆగాయి. వద్దన్నాను. రెండో రోజే నల్ల అద్దాలు పెట్టుకుని మా ఊరికి వచ్చేశాను.

తలస్నానం వద్దు, వంగవద్దు, పొయ్యి దగ్గరికి పోవద్దు. ఇవన్నీ సులువే. అసలు కష్టం చుక్కల మందుతో వచ్చింది. రెండు సీసాలు, రోజుకు ఆరుసార్లు. ఒకటి వేశాక ఐదు నిమిషాలు ఆగి రెండోది వేయాలి. నాకు నేను వేసుకోబోతే రెప్ప మూసుకుపోయేది. మా ఆయన వేస్తానని ముందుకొచ్చాడు. నన్ను మంచం మీద పడుకోబెట్టి, సీసా పట్టుకుని మీదికి వంగాడు. మొదటి చుక్క ముక్కు మీద పడింది. రెండోది చెంప మీదినుంచి చెవిలోకి పోయింది. చూస్తే ఆయన చేయి వణుకుతోంది, నుదుటి నిండా చెమట.

"తాటిచెట్టు మీద ఒక చేత్తోని కత్తి పట్టుకొని గీసినవ్. గింత సీసా పట్టరాదా?"

"తాటిచెట్టుకు కండ్లుంటయా? అది నన్ను సూడదు. నువ్వు సూస్తున్నవ్."

మూడో చుక్క చెవిలోకే పోయింది. నేను గట్టిగానే ఏదో అన్నాను. గోడకు చెవులక్కర్లేదు, మా మాటలు అట్లాగే దాటుతాయి. కాసేపటికి గేటు చప్పుడైంది. మా యారాలు లోపలికి వచ్చింది. సబ్బుతో కడుక్కున్న చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"బావా, జర జరుగు" అంది మా ఆయనతో. ఆయన బతికిపోయినట్టు జరిగాడు.

ఆమె సీసా మూత తీసింది. కింది రెప్పను వేలితో మెల్లగా కిందికి లాగింది. "పైకి సూడు" అంది. చుక్క సరిగ్గా పడింది. "మూస్కో" అంది. ఐదు నిమిషాలు గోడ గడియారం చూస్తూ కూర్చుని, రెండో మందు వేసి వెళ్లిపోయింది. అక్కా అనలేదు, ఎట్లున్నవని అడగలేదు. రెండున్నర గంటల తర్వాత మళ్లీ వచ్చింది.

అలా నాలుగు రోజులు గడిచాయి. రోజుకు ఆరుసార్లు ఆమె రావడం, రెండే రెండు మాటలు చెప్పడం. ఊళ్లో ఎంతమంది పసిపిల్లలకు నేను పోలియో చుక్కలు వేశానో లెక్కలేదు. బుగ్గలు నొక్కి, నోరు తెరిపించి వేసేదాన్ని. అప్పుడు వాళ్లు నావైపు ఎందుకంత అనుమానంగా చూసేవారో ఇప్పుడు తెలిసింది. కానీ ఈమె చేయి నా చేయి కంటే మెత్తన.

ఐదో రోజు మధ్యాహ్నం మొదటి చుక్క వేసి కూర్చుంది. మా ఆయన బయటికి పోయాడు. కళ్లు మూసుకుని ఉంటే మాట్లాడడం సులువు. అడిగేశాను.

"చెల్లె, నేనేం తప్పు జేసిన?"

మొదటి సీసా మూత బిగించి పక్కన పెట్టిన చప్పుడైంది.

"బోయినపల్లి పెండ్లి యాదికున్నదా?" అంది. "గప్పుడు మా బిడ్డకు సిరిసిల్ల సంబంధం కొత్తగ కుదిరె. మా ఇయ్యపురాలు కూడ అచ్చింది. గామెకు చెప్పిన, గా అద్దాలామె మా అక్క, టీచరు, మా ఇంట్ల అందరికంటె సదువుకున్నది అని. చెయ్యెత్తి నిన్ను పిలిచిన. నువ్వు నా మొఖంల మొఖం పెట్టి సూసి, అటు తిరిగి పోయినవ్. ఇయ్యపురాలి ముంగట నా తల తీసేసినట్టైంది."

నాకు ఆ పెళ్లి గుర్తుంది. డప్పులూ, పందిట్లో గుంపు, అన్ని మొహాలూ మైదాపిండి పూసినట్టు ఒకేలా కనిపించడం గుర్తుంది. ఆమెను చూసినట్టు మాత్రం గుర్తులేదు.

"నువ్వు నాకు కనవడలేదే. డప్పుల చప్పుట్ల పిలుపు ఇనవడలే."

"గింత దూరంల ఉన్న. ఆకుపచ్చ పట్టుచీర కట్టుకున్న."

"మొన్న నా మొగడనుకొని అంగీతోని మాట్లాడితిని. నువ్వు ఇన్నవు గద."

కుర్చీ కిర్రుమంది. "గప్పటి సందే గీ పొర ఉన్నదా?" అంది.

"ఉన్నట్టే. నాకే తెల్వలే."

"మరి నేను మూడేండ్లు ఊకెనే కోపం పట్టిన్నా?" ఆ గొంతు సంతోషించినట్టు లేదు. ఏదో పోగొట్టుకున్నట్టు ఉంది. "నువ్వన్న అడగాలె గద, ఎందుకు మాట్లాడ్తలెవ్వని."

"అడగాలె. సిరిసిల్ల సంబంధం దొరికినంక నీకు గర్వమచ్చిందనుకున్న."

"నాకు గర్వమా?"

లేచి విసురుగా వెళ్లిపోయింది. గేటు చప్పుడైంది. నేను కన్ను మూసుకుని అలాగే కూర్చున్నాను. మూడేళ్ల మాటలు ఐదు నిమిషాల్లో మాట్లాడుకుని మళ్లీ చెడగొట్టుకున్నామా అని దిగులేసింది. రెండో మందు వేసుకుందామని మంచం మీద తడిమితే సీసా లేదు. అంతలో మళ్లీ గేటు చప్పుడు.

"మందు నా చేతిలనే ఉన్నది" అంది మా యారాలు. "పైకి సూడు అక్కా."

ఆ తర్వాత ఐదు నిమిషాలు మాకు చాలేవి కావు. మూడేళ్లలో ఎవరింట్లో ఏం జరిగిందో ఆమె చెప్పేది, నేను వినేదాన్ని. మా ఆయన టీ పెట్టి ఇచ్చేవాడు. చుక్కలు రోజుకు నాలుగుసార్లకు తగ్గినా ఆమె రావడం ఆరుసార్లే. నెలన్నరకు ఎడమకంటికి ఆపరేషన్ అయితే జగిత్యాలకు తనే నా వెంట వచ్చింది. మందులు ఎప్పుడెప్పుడు వేయాలో నర్సు చెప్పబోతే, "నాకు తెల్సు తియ్యి" అంది. నువ్వేమవుతావని నర్సు అడిగితే యారాలినంది. "యారాండ్లు గింత మంచిగుంటరా?" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుని నవ్వాం.

ఆ కన్ను కూడా నిమ్మళించాక సిరిసిల్లలో ఆమె మనవరాలి తొట్టెల వేడుక వచ్చింది. ఎప్పుడో దుబాయి నుంచి తిరిగొచ్చినప్పటి నుంచి మా మరిది ఆటో నడుపుతున్నాడు. నలుగురం ఆటోలోనే పోయాం. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు. పందిట్లో అడుగు పెట్టగానే మా యారాలు నా చేయి పట్టుకుని నేరుగా తన వియ్యపురాలి దగ్గరికి లాక్కుపోయింది.

"అద్దాలు తియ్యి అక్కా" అంది. తీశాను. "సూడు వదినె, గీ రెండు కండ్లల్ల మోతిబిందు ఉండె. గా బోయినపల్లి పెండ్లిల నన్ను సూడలే అంటె నిజంగనే కనవడక. వేరే ఏం లేదు."

వియ్యపురాలు నా కళ్లలోకి చూసింది, ఆమె మొహంలోకి చూసింది.

"ఏ పెండ్లి?" అంది.

"బోయినపల్లిది. నేను చెయ్యెత్తి పిలిస్తె గీమె పోయె గద. నువ్వు పక్కనే ఉంటివి."

"నాకేం యాదికి లేదు వదినె. గా పెండ్లిల నాకు కాలు బెణికింది. గదొక్కటే యాదికున్నది" అని, మమ్మల్ని తిండికి కూర్చోబెట్టమని ఎవరికో కేకేసి, ఆమె వంటల వైపు వెళ్లిపోయింది.

మా యారాలు వియ్యపురాలి కాళ్లవైపే చూస్తూ నిలబడింది. నేను నవ్వితే బాగుండదని తొట్టె దగ్గరికి పోయాను. పసిపిల్ల పిడికిళ్లు బిగించి పడుకుని ఉంది. కాలిగోళ్ల చివర సన్నటి తెల్లగీతలు కూడా నాకు కనిపించాయి. ఎంతసేపు చూశానో, వెనక వరసలోవాళ్లు జరగమన్నారు.

తిరుగు ప్రయాణంలో ఆటో వేములవాడ దాటింది. మా యారాలు మొదలుపెట్టింది. "మూడేండ్లు, అక్కా. గామె ముంగట ఇజ్జత్ పోయిందని నేను తిండి తినలే. గామెకు యాదికే లేదట. కాలు బెణికిందట. నాకు తెల్వకుంట గామెకు కాలెప్పుడు బెణికింది? ఉత్తదే."

ముందు సీట్లో తమ్ముడి పక్కన ఇరుక్కుని కూర్చున్న మా ఆయన వెనక్కి తిరిగాడు.

"బెణికింది నిజమే" అన్నాడు. "గప్పుడు గామెకు కుర్చీ తెచ్చి ఏసింది నేనే."