దబ్బనంతో కాల్చిన అక్షరం

మా హాస్టల్ పెద్దమ్మ పోయిందని మంజుల ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే నమ్మలేదు. "ఎవరు చెప్పిన్రు? నువ్వు సూసినవా?" అని అడిగాను. మంజుల ఏడుస్తూనే, "నీకు చావు మీద గూడ అనుమానమేనా?" అంది.

అది నా రోగం. తాళం వేసి, మూడుసార్లు లాగి చూసి, సగం దారి పోయాక మళ్లీ వెనక్కి వచ్చే మనిషిని. అనుమానంలో నన్ను మించిన మనిషిని ఇన్నేళ్లలో ఒక్కరినే చూశాను. ఆ ఒక్కరూ ఇప్పుడు లేరు.

అవి బందులతో, రాస్తారోకోలతో కోచింగ్ సెంటర్లు సగం రోజులు మూతపడే రోజులు. ఉద్యోగ పరీక్షల కోసం సూర్యాపేట దగ్గరి మా ఊరి నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఆమె హాస్టల్లో చేరాను. కింద ఆమె, పై రెండంతస్తుల్లో పద్దెనిమిది మంది ఆడపిల్లలం. అందరివీ చిక్కడపల్లిలో ఒకే దుకాణంలో కొన్న నీలి పట్టీల హవాయి చెప్పులు. అందరి దగ్గరా అదే ఎర్ర రంగు హాట్‌వాటర్ బ్యాగు. పొద్దున లేస్తే ఎవరివి ఎవరు తీసుకున్నారో తెలియక మెట్ల దగ్గర కొట్లాట.

దానికి పెద్దమ్మ ఒక మందు కనిపెట్టింది. కొత్త పిల్ల వచ్చి సంచి దించగానే, "రబ్బరుయి ఏమేమున్నయో బయటికి తియ్యి" అనేది. గోనెసంచులు కుట్టే దబ్బనాన్ని పట్టకారుతో పట్టుకుని గ్యాస్ పొయ్యి మీద కాల్చి, చెప్పు మడమ దగ్గర మన ఇంటిపేరులో మొదటి అక్షరం, గది నంబరు రాసేది. దబ్బనం మరీ ఎర్రగా ఉంటే రబ్బరు అంటుకుని పొగ లేస్తుంది, చల్లారితే గాడి పడదు. ఎర్రదనం పోయిన ఆ క్షణాన్ని పట్టుకోవాలి. ఆఖర్న గాడిలో చాక్‌పీసు పొడి రుద్దితే అక్షరం తెల్లగా తేలేది. హాట్‌వాటర్ బ్యాగుకైతే నీళ్లు చేరని కింది అంచు మీదే రాసేది. "పెన్నుతోటి రాస్తే పది దినాలు, కాల్చి రాస్తే అరిగేదాంక" అనేది గర్వంగా.

నాకు ఇదంతా ఏదో పన్నాగంలా తోచింది. సాయంత్రం కాగానే ఆమె మెట్ల దగ్గర స్టూలు వేసుకుని, అక్కడ విడిచిన చెప్పుల మడమల మీది అక్షరాలు చదువుకునేది. "మూడో నంబరుది ఇంకా రాలేదేంది?" అని తనలో తనే గొణుక్కునేది. ఎవరెప్పుడు వస్తున్నారో మా ఇళ్లకు ఫోన్లు చేసి చెబుతోందని నాకు గట్టి నమ్మకం. ఉన్న జతలను బట్టి అన్నానికి బియ్యం పోస్తోందని తెలియడానికి ఆరు నెలలు పట్టింది. ఆలస్యంగా వచ్చే వాళ్ల వంతు మూత పెట్టి ఉంచేది.

ఆమె అనుమానాలు వేరు. పాల ప్యాకెట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేది. కేబుల్ అబ్బాయి మంచినీళ్లడిగితే గ్లాసు తిరిగి చేతికొచ్చే దాకా కదిలేది కాదు. "నమ్ముత బిడ్డా, జర సూసినంక నమ్ముత" అనేది.

మంజుల నా గదిలోనే ఉండేది. పాలమూరు పిల్ల. వాళ్ల నాన్న ఈ నగరంలోనే మేస్త్రీల కింద పనిచేసి, వెన్ను దెబ్బతిని ఊరికి పోయాడు. ఈ ఒక్క పరీక్ష రాయి, ఉద్యోగం రాకపోతే ఇంటికొచ్చేయాలి అన్నాడట. ఇద్దరిదీ ఒకే పరీక్ష, ఒకే పోస్టులు. తెలివైంది. అందుకే నాకు ఆమె మీద ఎప్పుడూ ఒక కన్నుండేది.

పరీక్ష రెండు వారాలుందనగా, నా హాట్‌వాటర్ బ్యాగు మంజుల అడిగి తీసుకుంది. రెండు రోజులు వాడుకుని వంటగది అరుగు మీద పెట్టిందట. అక్కడి నుంచి తెచ్చుకుని, వేడినీళ్లు పోసి పొట్ట మీద పెట్టుకుని, ఒళ్లో నోట్సు పరుచుకున్నాను. చదువుతూ చదువుతూ కునుకు తీశాను. చర్మం చురుక్కుమంటే లేచాను. బ్యాగు కారిపోయింది. నాలుగు నెలలుగా రాసుకున్న నోట్సు నీలి సిరా మడుగయింది. బ్యాగు అడుగున చిన్న రంధ్రం. మంజుల గాజులకు ఎప్పుడూ రెండు పిన్నీసులు వేలాడుతుంటాయి.

ఏడ్చుకుంటూ కిందికి పోయి పెద్దమ్మకు ఒక్కదానికే చెప్పాను. "పిన్నీసుతోటి గుచ్చింది పెద్దమ్మా. నేను రాయొద్దని." ఆమె పెద్దగా అడగలేదు. నా మాట నమ్మింది. చూడకుండా నమ్మింది. తెల్లారి మంజులను పిలిచి గది ఖాళీ చేయమంది. నా బ్యాగును తానేం చేయలేదని మాత్రం అంది మంజుల. పెట్టె సర్దుకుని కాచిగూడ స్టేషన్‌కు వెళ్లిపోయింది.

మధ్యాహ్నం బ్యాగుకు అతుకు వేయిద్దామని పెద్దమ్మ నన్ను నారాయణగూడ చౌరస్తాలో పంక్చర్లు వేసే అతని దగ్గరికి తీసుకుపోయింది. అతను బ్యాగును నీళ్లలో ముంచి, బుడగలు వచ్చిన చోట వేలితో తడిమాడు.

"పిన్ను గాదమ్మా ఇది. పిన్ను గుచ్చితే రబ్బరు మల్ల మూసుకుంటది. దీని సుట్టూ గట్టిపడ్డది. కాలిన బొక్క."

పెద్దమ్మ బ్యాగు లాక్కుని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. రంధ్రం నా అక్షరం కొసనే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. అరుగు మీద ఉన్న బ్యాగు చూసి, అక్షరం అరిగిందని ఆమే మళ్లీ కాల్చింది. అద్దాలు రిపేరుకిచ్చిన రోజది. దబ్బనం అంచు దాటి పైకి జారింది.

నేను మెల్లగా అన్నాను. "పెద్దమ్మా, మనిద్దరికే తెలుసు. ఎవరికీ చెప్పకు."

"నాకు తెలిసింది గద. ఇంకెవ్వరికి తెల్వాలె?" అని కాచిగూడ స్టేషన్‌కు ఆటోను పిలిచింది.

మంజుల ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని ఉంది. బండి ఇంకా రాలేదు. పెద్దమ్మ ఆయాసపడుతూనే పక్కనున్న నల్లా దగ్గర బ్యాగు నింపి, మూత బిగించి, మంజుల ముందు నిలబడి రెండు చేతులతో ఒత్తింది. అక్షరం కొస నుంచి సన్నటి ధార వచ్చి నేల మీద పడింది. జనం వింతగా చూశారు.

"ఇది నా దబ్బనం జేసిన బొక్క, బిడ్డా. నువ్వు గాదు. తప్పు నాది. నడువు, ఇంటికి పోదాం."

మంజుల కదల్లేదు. "నా మీద నీకెవరు జెప్పిన్రు పెద్దమ్మా?"

నేను పెద్దమ్మ వెనక్కి జరిగాను.

"ఎవ్వరు జెప్తరు? అనుమానం గూడ నాదే."

మంజుల లేచి నా చేయి పట్టుకుంది. "నువ్వన్నా నన్ను నమ్మి వచ్చినవ్" అంది. నేను కాదనలేదు. ఆమె పెట్టె అందుకున్నాను.

ఇద్దరం పరీక్ష రాశాం, ఇద్దరికీ ఉద్యోగాలొచ్చాయి. పెద్దమ్మ చెప్పులకు అక్షరాలు కాల్చడం మానలేదు గానీ బ్యాగుల జోలికి మళ్లీ పోలేదు. ఏదో ఒకరోజు కోపమొచ్చి ఆ మాట నా ముఖాన కొడుతుందని, మంజులకు చెప్పేస్తుందని ఏళ్ల తరబడి అనుమానపడ్డాను. చివరిసారి చూడబోయినప్పుడు కూడా అన్నం తిన్నావా అనే అడిగింది. ఆమెను అలా శంకించినందుకు నాకు సిగ్గుగా ఉంది.

మొన్న ఆమెను తీసుకుపోయాక, మంజుల నా భుజం మీద తల పెట్టుకుని పక్కవాళ్లకు చెప్పింది, ఆ రోజు తనను నమ్మింది నేనొక్కదాన్నేనని. అప్పుడు కూడా చెప్పలేనిది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

మంజులా, పెద్దమ్మకు చెప్పింది నేనే.

నువ్వు నా చేయి పట్టుకున్నప్పుడు చూశావో లేదో, బ్యాగులో నీళ్లైపోయి ధార ఆగిపోయింది. నా వైపు చూడాల్సి వస్తుందని కాబోలు, పెద్దమ్మ తల దించుకుని ఆ ఖాళీ బ్యాగును ఇంకా ఒత్తుతూనే ఉంది.