పడవ వెనక నుంచి వచ్చిన "ఆయ్"

దయ్యాలనీ మహిమలనీ నమ్మే మనిషిని కాను. రాజోలు దగ్గర పడవ నడుపుకుంటాను. వీధిబడిలో గుణింతాలు దాటలేదు. రాయడం ఇదే మొదలు, తప్పులుంటే మన్నించండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా అమ్మతో నాకు ఒకటే విసుగు. గెడ వేసి పడవ తోసేది నేను. అరచేతులు కాయలు కాసింది నాకు. ఒడ్డు చేరగానే ఆవిడ మాత్రం "స్వామి దాటించేడురా" అనేది. ఒక్కనాడూ నా పేరెత్తలేదు.

ఆ ఏడు అమ్మ కళ్ళకు పొర కమ్మింది. ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో కాస్త వెలుతురు మిగిలింది. అదీ పోకముందే అంతర్వేది నరసింహస్వామిని చూడాలంది. భీష్మ ఏకాదశినాడు పొద్దున్నే ఇద్దరమే బయలుదేరాం. మధ్యాహ్నం నైవేద్యానికి తెర వేసేలోగా చేరాలి. ఆ తరువాతి తొక్కిసలాటలో ఆవిడను నిలబెట్టడం నా వల్ల కాదు.

దగ్గరదారి కదా అని చిన్న పాయలోకి తిప్పాను. పడవ ఇసుక మేట ఎక్కింది. నీరు సముద్రం వైపు తీస్తోంది. మళ్ళీ పోటు వచ్చేది సాయంత్రమే. గెడ ఇసుకలో గుచ్చి దిగాను. పడవ ముందుభాగానికి భుజం ఆనించి వెనక్కి తోశాను. వేలెడు కదల్లేదు.

అమ్మ కూర్చుని దండం పెడుతోంది. "తండ్రీ, నీ దగ్గరికే కదా వస్తన్నాం. మా వల్ల అవ్వట్లేదు. నువ్వే ఓ చెయ్యెయ్యి."

నాకు ఒళ్ళు మండింది. "ఆయన గుళ్ళో అలంకారం చేయించుకుంటన్నాడమ్మా. బురదలో ఉన్నది నేను."

"నీకు చెప్పలేదురా. ఆయనకి చెప్పేను."

అప్పుడు పడవ వెనక నుంచి "ఆయ్" అని వినబడింది. మా వైపు పని చెబితే సరేనండీ అన్నట్టు అంటారే, అలాగ. మగగొంతు, తొందర లేదు. తలెత్తి చూశాను. ఎవరూ లేరు. పట్టపగలు. దాక్కోవడానికి చుట్టూ గడ్డిపోచైనా లేదు.

పడవ కదిలింది. నేను వెనక్కి తోస్తుంటే అది నా మీదికే, ముందుకు వచ్చింది. పక్కకు పడ్డాను. ఇసుక మీద గరగరమంటూ మేట దాటి లోతునీటిలోకి జారింది. అంత లాగుడులోనూ కొట్టుకుపోకుండా, ఎవరో పట్టుకున్నట్టు అక్కడే నిలిచింది.

గెడ తీసుకోబోతూ చూశాను. దాని మీద తడి చార నీటికి జానెడు పైన ఉంది. నీరు తగ్గిందే గాని పెరగలేదు.

తెర పడకముందే చేరాం. అమ్మ స్వామి నామం చూసింది, హారతి చూసింది. ఎండాకాలానికి ఆ కన్నూ పోయింది.

ఆవేళ తిరుగుదారిలో అమ్మ అంది: "ఇన్నేళ్ళకి నా మాటకి ఆయ్ అన్నావురా నాయనా. బాగా తోసేవు."

"నేను కాదమ్మా."

"సిగ్గెందుకురా," అని నవ్వింది.

పోయేదాకా ఊళ్ళో అందరికీ అదే చెప్పింది, "ఆవేళ మావాడే దాటించేడండీ" అని. నేను దాటించినన్నిసార్లూ స్వామి పేరు చెప్పిన మనిషి, నేను దాటించని ఆ ఒక్కసారి నా పేరు చెప్పింది. మరి దాటించింది ఎవరో నాకు ఈరోజుకీ తెలియదు.