పక్కామెకు దాటించిన వంతు

ఖనిజం లారీలు రాత్రింబగళ్లు తిరిగిన ఏళ్లవి. కంటోన్మెంట్ చర్చిలో ప్రతి గురువారం మా స్త్రీల కూటంలో వరుసగా ప్రార్థన చేసేవాళ్లం. చేయలేనివాళ్లు పక్కామె చెయ్యి నొక్కితే వంతు దాటిపోయేది. నా మాటల్లో తప్పు దొర్లుతుందని, పైకి ప్రార్థించడం నాకు రాదని నేనే తీర్మానించుకుని, పంతొమ్మిదేళ్లు నొక్కుతూనే వచ్చాను.

ఆ వారం నా పక్కన కూర్చున్నామె కొడుకు, తను నడిపే ఖనిజం లారీ బోల్తాపడి ఆసుపత్రిలో ఉన్నాడు. నేను నొక్కగానే ఆమె తిరిగి నా చెయ్యే నొక్కింది.

"నాకు నోరాడ్తాలేదక్కా. నువ్వే అడుగు."

"నాకు రాదు కదమ్మా."

"రాకుంటే ఏంది? దేవుడేమన్నా మార్కులేస్తాడా?"

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ప్రభువా, ఆ బిడ్డను బతికించు. మాకు ఇంక ఓపిక లేదు," అన్నాను. అంతే. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె మాత్రం చెయ్యి వదల్లేదు. ప్రభువును మళ్లీ మొదటినుంచి అడిగాను.