రాగితో తప్పు చేయడానికి వచ్చిన తాత

కంసాలి పని చేసిన ఆసారి తాత పోయాడని గురువారం పొద్దున సేత్తూరు అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆ అక్క నా నగల క్లాసుకు వస్తుంది. తాత ఉన్న వీధిలోనే ఆమె పుట్టిల్లు. "నిద్రలోనే పోయినాడంట టీచర్" అంది. అప్పటి నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. చెవికమ్మ ఒకటి మొదలుపెడతాను, సగంలో వదిలేసి పూసల డబ్బా తెరుస్తాను, అదీ మూసేసి వాకిట్లోకి వెళ్ళి నిలబడతాను. దుఃఖం ఒక్కటే అయితే ఇలా ఉండదు. మీతో చెబితేనన్నా కాస్త కుదురు వస్తుందేమోనని రాస్తున్నాను.

తమిళనాట రాజపాళయంలో మా ముందుగదిలో ప్రతి శుక్రవారం రాగితీగతో నగలు చేయడం నేర్పుతాను. వచ్చేది ఎనిమిది మంది ఆడవాళ్ళు. రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం తాత వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. నలభై ఏళ్ళు బంగారం పని చేసిన మనిషి. ఊరంతా రెడీమేడ్ నగలకు మళ్ళాక ఆయన నగలు చేసే పట్టరైలో కుంపటి ఆరిపోయింది. ఎవరినో వెతుక్కుంటూ వచ్చాడనుకున్నాను.

"నేర్చుకోను వచ్చినాను" అన్నాడు.

"మీకు నేనేమి నేర్పేది తాతా, ఎగతాళి చేస్తుండారా?" అన్నాను.

"లేదమ్మా. బంగారానికి నలభై ఏండ్లు భయపడినాను. ఊరోళ్ళ సొత్తు కదా, తప్పు చేసేకి లేదు. కొత్తది ఏదీ చేసి చూడలే. రాగి అయితే ధైర్యంగా తప్పు చెయ్యొచ్చు. దానికే వచ్చినాను."

ఆడవాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వుతూనే కూర్చున్నాడు.

ఒకసారి క్లాసులో ఒకామె వేలు తెగితే కట్టు కట్టాం. మా పక్క మగ్గాల మీద నేసే బ్యాండేజీ గుడ్డే, ఇంటింటా ఉంటుంది. మిగిలిన ముక్కను తాత వెలుతురుకు పట్టి చూస్తూ ఉండిపోయాడు. మరుసటి వారం అదే అల్లికలో రాగి పట్టీ ఒకటి తెచ్చాడు. మూడుచోట్ల తెగి ఉంది. తెగినచోట్లను వేలితో చూపిస్తూ మురిసిపోయాడు. పక్కింటి తెల్లకుక్క చెవి మడత నచ్చి, అది మొరుగుతున్నా వీధి చివరిదాకా దాని వెనకే పోయాడు. "కంటికి ఆకలి ఉండాలమ్మా, చెయ్యి తానుగా వస్తాది" అనేవాడు.

నాకేమో ఓపిక తక్కువ. ఫోన్‌లో కొత్త వీడియో కనిపిస్తే చాలు, ఆ వారమే నేర్పేయాలి. నాకు వచ్చిందా లేదా అన్నది తర్వాతి సంగతి. మూడు నెలల కిందట అలాగే ఒక వీడియో చూసి, చిన్న గ్యాస్ టార్చి కొని, టంకం పెట్టి అతకడం నేర్పుతానని కూర్చున్నాను. ఎవరి ముందు? నలభై ఏళ్ళు టంకం పెట్టిన మనిషి ముందు. నా పొగరు చూడండి.

ఉంగరం కొసలు రెండూ కలిపి, పైన టంకం ముక్క పెట్టి, మంటను సూటిగా ఆ ముక్క మీదికే పట్టాను. అది గుండులా చుట్టుకుని దొర్లి కింద పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. అందరూ నన్నే చూస్తున్నారు.

"ఈ టంకం మంచిది కాదు" అన్నాను.

తాత ముందుకు జరిగి, "ఇటియ్యమ్మా, నేను చూస్తా" అని టార్చి తీసుకున్నాడు. అచ్చం నేను పట్టినట్టే పట్టాడు. ఆయన ముక్కా దొర్లిపోయింది. "అవునమ్మా, నాదీ నిలబడలే. టంకం సరక్కే సరి లేదు" అన్నాడు. ఆసారే అన్నాక ఇంకెవరు మాట్లాడతారు? నేను పోయి కొట్టు అతనితో పోట్లాడి మరీ వచ్చాను.

కొన్నాళ్ళకు మరో వీడియోలో అసలు సంగతి తెలిసింది. కాచవలసింది టంకాన్ని కాదు, రాగిని. రాగి సమంగా కాగితే టంకం తానే కరిగి అతుకులోకి పాకుతుంది. ఆ పనిలో అది మొదటి పాఠం. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఆయన మీదే కోపం వచ్చింది. తెలిసీ చెప్పలేదే, నా పరువు కాపాడమని నేనడిగానా?

నేర్పమనీ అడగలేదు. ఇంట్లో ఒక్కదాన్నే చేసి చూస్తే సగం అతుకులు ఊడిపోయేవి. మంట ఎప్పుడు తీయాలో వీడియో చూస్తే రాదు, ఆయన పక్కన కూర్చుంటే వచ్చేది. కానీ దానికి అందరి ముందూ "నాకు రాదు" అనాలి. ఎనిమిది శుక్రవారాలు ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. తొమ్మిదో శుక్రవారం అడిగే తీరాలనుకున్నాను. ముందురోజే కబురు వచ్చింది.

తాత వాళ్ళింటికి వెళితే ఆయన భార్య, అవ్వ, నా చెయ్యి పట్టుకుని, "టీచరమ్మవు నువ్వేనా?" అని గోడకున్న పసుపు సంచి దించింది. అందులో టంకం పెట్టే సామాను, ఊదుగొట్టం, వెలిగారం పొట్లం, టంకం ముక్కలు ఉన్నాయి.

"మూడు నెలలుగా శుక్రవారమొస్తే దీన్ని ఎత్తుకొని పోతాడు. 'ఈ పొద్దు అడుగుతాది' అంటాడు. తిరిగొచ్చి మేకుకు తగిలిస్తాడు. 'నువ్వే చెప్పేది కదా' అని నేనంటే, 'ఆయమ్మ పది మందికి టీచరు, తానుగా అడగాల' అంటాడు."

ప్రతి వారం ఆయన ఒళ్ళో ఆ సంచిని చూశాను. కూరగాయలకనుకున్నాను.

నిన్నటి క్లాసులో సేత్తూరు అక్క, "టంకం మళ్ళా ఎప్పుడు నేర్పుతారు టీచర్?" అని అడిగింది.

"నాకు రాదక్కా" అన్నాను. "ఎవరి దగ్గరన్నా నేర్చుకొని వచ్చి నేర్పుతా."

"ఎవరి దగ్గర?" అంది అక్క.

ఎనిమిది మంది చేతుల్లోనూ తీగ ఆగిపోయింది.