కోరుకొండ మొక్కు

పోయిన వారం మా వీధిలో సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే వెళ్ళాను. ఆ ఇంటి పెద్దబ్బాయి ఎక్కడో టీ తాగడానికి దిగి వచ్చేలోపు బస్సు వెళ్ళిపోయిందట, కాస్త దూరం పోయాక ఆ బస్సే కాలవలో పడిందట. అతను క్షేమంగా ఇల్లు చేరినందుకు ఆ వ్రతం. ప్రసాదం చేతిలో పెడుతూ వాళ్ళమ్మగారు, దేవుడే వాడికి టీ మీదికి మనసు పోయేలా చేశాడండీ అని కళ్ళొత్తుకున్నారు. అవునండీ అనడం మర్యాద. ఆ మర్యాద నేను పాటించలేదు. ప్రసాదం కళ్ళకద్దుకుని వచ్చేశానే గాని, ఆనాటి నుంచీ మా బాబాయే కళ్ళముందు మెదులుతున్నాడు.

పెళ్ళయి ఈ రామచంద్రపురం వచ్చాను గాని, నేను పుట్టింది నరసాపురానికి దిగువన, సముద్రపొడ్డున. మా నాన్నా, బాబాయీ మరో ఇద్దరితో కలిసి ఒకే పడవ మీద వేటకి వెళ్ళేవారు. చుక్కాని నాన్నది, వల బాబాయిది. గోదారి సముద్రంలో కలిసే చోటుని మావాళ్ళు మొగ అంటారు. అక్కడ ఇసుక మేటలు ఇవాళున్న చోట రేపుండవు, కెరటం ఎటునుంచి లేస్తుందో చెప్పలేం, కాబట్టి పడవని మొగ దాటించేటప్పుడు చుక్కాని నాన్న చేతిలో ఉంటేనే మిగతా ముగ్గురికీ ధైర్యం.

నాకు పదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది. మన ఈడు వాళ్ళకి తెలుసు, ఆ రోజుల్లో ఆ జ్వరమంటే ఇంట్లో వాళ్ళు ఎంతగా బెదిరిపోయేవారో. పిల్ల బతికితే కొండెక్కించి తలనీలాలు ఇప్పిస్తానని అమ్మ కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుంది. నేను లేచి తిరగడం మొదలుపెట్టాక, చేపలు బాగా పడుతున్నాయని నాన్న ఆ ప్రయాణం రెండుసార్లు వాయిదా వేశాడు. మూడోసారి అమ్మ ఊరుకోలేదు, మొక్కు తీర్చకపోతే జ్వరం తిరగబెడుతుందని ఏడ్చింది. నాన్న ఎటూ తేల్చుకోలేకుండా ఉంటే, గడప మీద కూర్చుని బీడీ కాలుస్తున్న బాబాయి అందుకున్నాడు.

"నువ్వెళ్ళిరా అన్నయ్యా. రెండ్రోజులేగా, చుక్కాని నేను పడతాలే."

శుక్రవారం బయల్దేరి, శనివారం పొద్దున్నే కొండెక్కాం. గుండు చేయించుకుని, గంధం రాయించుకుని, దర్శనం చేసుకున్నాం. అమ్మ మొహంలో అంత తేట నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. దిగేటప్పుడు గాలి తిరిగింది. నాన్న మెట్ల మధ్యలో ఆగిపోయి చాలాసేపు దక్షిణం కేసి చూశాడు. ఏంటండీ అని అమ్మ అడిగితే, ఏం లేదన్నాడు.

మర్నాడు ఊరు చేరేసరికి మా ఇంటి ముందు జనం ఉన్నారు. బాబాయికి గుండు చూపించాలని నేనే ముందు పరుగెత్తాను. జనం పక్కకి జరిగి దారిచ్చారు. పిన్ని గోడకి చేరబడి కూర్చుని ఉంది. ముందురోజు గాలి తిరిగి, మొగ దగ్గర కెరటం అడ్డంగా కొట్టి పడవ తిరగబడిందని, మిగతా వాళ్ళంతా ఈదుకుని ఒడ్డుకొచ్చారని, వల తాడు కాలికి చుట్టుకుని బాబాయి ఒక్కడూ రాలేకపోయాడని, ఆ ఉదయమే ఒడ్డుకి కొట్టుకొచ్చాడని ఎవరో నాన్నకి చెప్పారు. అమ్మ చేతిలో ప్రసాదం పొట్లం అలాగే ఉండిపోయింది.

మా అమ్మ చెడ్డది కాదు. భయంతోనో, మొగుడు మిగిలాడన్న ఊరటతోనో, పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళతోనూ, స్వామే మమ్మల్ని కొండకి పిలిపించుకుని ఈయన్ని కాపాడాడని చెప్పేది. పిన్నికి పిల్లల్లేరు, పుట్టింట్లో ఆదరించేవాళ్ళు లేరు, మాతోనే ఉండిపోయింది. నరసాపురం నుంచి దారం తెచ్చుకుని లేసు అల్లేది. అమ్మ ఆ మాట అంటున్నప్పుడల్లా ఆవిడ అక్కడే ఉండేది, తల వంచుకుని అల్లుకుంటూనే ఉండేది. అలా ఏడేళ్ళు విన్నది. నాన్న మళ్ళీ చుక్కాని పట్టాడు, ఇద్దరాడవాళ్ళకీ ఏ లోటూ రానివ్వలేదు, కాని ఏ గుడి మెట్టూ ఎక్కలేదు.

నాకు సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు కూడా అమ్మ ఆ కథే ఎత్తుకుంది. వాళ్ళటు వెళ్ళాక పిన్ని అల్లిక ఆపకుండానే, గొంతు పెంచకుండానే అడిగింది.

"అక్కా, మా ఆయనా ఆ సామికి దణ్ణం పెట్టినోడే కదా. ఆయన్నెందుకు పిలవలేదంటావు?"

అమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అంతకు ముందు ఆ ఇద్దరూ ఒకరి తల ఒకరు దువ్వుకునేవారు, ఆ తర్వాత అదీ మానేశారు.

పెద్దయ్యాక ఒకసారి ధైర్యం చేసి నాన్ననే అడిగాను, నీకేమనిపిస్తుందని. వల బాగు చేసుకుంటూ, అంతా గాలేనమ్మా, పడవలో ఎవరున్నారో గాలికి తెలీదు అన్నాడు. తమ్ముణ్ణి వదిలి తనని ఏరుకున్న దేవుడు ఒకడున్నాడని నమ్మితే ఆయన పొద్దున్నే లేచి పడవ ఎక్కగలిగేవాడు కాదేమో.

పిన్ని మాత్రం చివరిదాకా ఆ నరసింహస్వామి పటానికే దీపం పెట్టింది. ఒంట్లో బాగోలేక మా ఇంటికి వచ్చి ఉన్న రోజుల్లో, నీకు కోపం రాదా పిన్నీ అన్నాను.

"కోపం లేకేం? రోజూ దీపం పెట్టి అదే అడుగుతున్నాను. ఆయన కూడా లేడనుకుంటే నేనింకెవర్ని అడగాలమ్మా?" అంది.

ఇప్పుడు మా ఊళ్ళో గాలివాన కబురు ముందే ఫోన్లోకి వస్తుంది, పడవలు ఒడ్డునే ఆగిపోతాయి. మొగ దాటడానికి ఇంజన్లున్నాయి. అంతా మంచికే. ఆనాడు అలాంటి కబురొక్కటి అందితే బాబాయి ఆ పూట అరుగు మీద బీడీ కాలుస్తూ మా కోసం చూస్తుండేవాడని అనుకోకుండా ఉండలేను. నాకు జ్వరం రాకపోయినా బాబాయి బతికేవాడు, చుక్కాని నాన్న చేతిలోనే ఉండేది. ఈ మాట అమ్మతో గాని, నాన్నతో గాని, పిన్నితో గాని అనే ధైర్యం నాకెప్పుడూ రాలేదు. ముగ్గురిలో ఏ ఒక్కరూ కూడా నన్ను వేలెత్తి చూపలేదు. ఇవాళ వాళ్ళెవరూ లేరు. నా కోసం మొక్కినవాళ్ళూ, నా మొక్కు కోసం కొండెక్కినవాళ్ళూ, ఆ మొక్కు వల్ల పోయినవాళ్ళూ అంతా వెళ్ళిపోయారు. నేను మాత్రం డెబ్బై దాటి బతికే ఉన్నాను.