వేడినీళ్ల తొట్టి కింద నేల

"నా సర్వీసంతా ఇంజనీర్ల మధ్యే గడిచింది, నేల మట్టం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు" అని మేస్త్రికి మొదటిరోజే చెప్పేశాను. ఇందులో అబద్ధం లేదు. ఇంజనీర్ల మధ్యే గడిచింది, కాకపోతే వాళ్ల ఉత్తరాలు టైపు కొడుతూ. ఆ రెండో ముక్క మేస్త్రికి చెప్పలేదు. చెబితే నా మాట వినడని భయం. చెప్పకపోయినా వినలేదు, అది వేరే సంగతి.

అసలు ఇదంతా మా ఆవిడ కుడి మోకాలి కోసం. అది సగం వంగి, అక్కడ తాళం వేసినట్టు ఆగిపోతుంది. హనుమకొండలో దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ చలికాలమంతా రోజూ వేడినీళ్లలో కూర్చొని మెల్లగా వంచుతూ ఉండండి. ఉగాదికి మళ్లీ చూస్తాను. వంగితే సరే, లేకపోతే ఆపరేషనే" అంది. ఆపరేషన్ అన్న మాట వినగానే మా ఆవిడ లేచి చెప్పులు తొడుక్కుంది. నాకంటే ముందే కిందికి చేరుకుంది కూడా. అయితే ఆమె లిఫ్టులో దిగింది, నేను మెట్లమీద దిగాను.

హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి సంగతి విని ఒక హాట్ టబ్ పంపించింది. గాలి నింపితే గుండ్రంగా లేచి నిలబడే పెద్ద తొట్టి, దాని పక్కన నీళ్లు కాచే యంత్రం. "నాన్నా, కింద నేల పూర్తిగా చదునుగ ఉండాలె. కొంచెం వాలు ఉన్నా నీళ్ల బరువంతా ఒక దిక్కుకు పడి తొట్టి ఉబ్బుతది. మంచిగ సిమెంటు పోయించు" అని ఫోన్లో పదే పదే చెప్పింది. మడికొండలో మా ఇంటి ముందు ఉన్నవి పాత షాబాదు బండలు. వాటి మీద మంచం వేస్తేనే మూడు కాళ్ల మీద నిలబడుతుంది.

మా వాడకట్టులో ఎవరికి గోడ పగిలినా, గచ్చు లేచినా వచ్చేది ఒక ముస్లిం మేస్త్రి. ఆయన్నే పిలిపించాను.

"ఎక్కడ పోయాల్నో చెప్పుండ్రి సార్" అన్నాడు.

"ఈశాన్యంల. నీళ్లు కద" అన్నాను.

నాకు వాస్తు నమ్మకం లేదని ఊరంతా చెప్పుకుంటూ తిరిగే మనిషిని. పెళ్లిళ్లలో, చావుల్లో, బస్టాండులో కూడా చెప్పాను. కానీ ఇంట్లో నీళ్ల తొట్టి పెట్టాల్సి వచ్చేసరికి నా వేలు దానంతటదే ఈశాన్యం మూలకు లేచింది. మేస్త్రి ఆ వేలిని చూసి నవ్వుకున్నాడు.

బండలు లేపి, కంకర కూరి, సిమెంటు పోశాడు. మర్నాడు దానిమీద నాలుగు పక్కలా మట్టితో చిన్న గట్లు కట్టి, వరిమడికి పెట్టినట్టు నీళ్లు పెట్టాడు. కొత్త సిమెంటు తడి ఆరకుండా ఉండడానికి అలా చేస్తారు. నేను చాయ్ గ్లాసు పట్టుకొని వెళ్లి చూస్తే మడి సగం ఎండి ఉంది. నీళ్లన్నీ గోడ పక్క మూలకు చేరి మెరుస్తున్నాయి.

"చూడుండ్రి సార్, నీళ్లు ఎంత ముద్దుగ పోతానయో!" అన్నాడు మేస్త్రి, కూతురి పెళ్లి చేసినంత సంబరంగా.

"పోవద్దు మేస్త్రీ! పోవద్దనే కద నేను పొద్దందాక మొత్తుకున్న!"

"పోకుంటే నీళ్లు ఏడుంటయి సార్?"

"ఉన్నకాడ్నే ఉంటయి!"

"ఉంటే పాకురు పడ్తది. అమ్మ కాలు జారి పడ్తది. అప్పుడు మీరే నన్ను తిడ్తరు, గీ మేస్త్రికి వాటం ఇచ్చుడు కూడ రాదా అని."

వాటమంటే నీరు జారిపోయే వాలు. డాబా మీద, స్నానాల గదిలో, వాకిట్లో, ఎక్కడ గచ్చు చేసినా వాటం ఇవ్వడమే ఆయన జీవితమంతా చేసిన పని. వద్దన్నా చెయ్యి ఆగలేదట. "జరంతే ఇచ్చిన సార్. కండ్లకు కూడ ఆనది. మా అబ్బా దగ్గర నేర్చుకున్న పని, వాటం లేకుంట బండ పోసుడు నాతోని ఎట్లయితది?"

నేను అరిచిన అరుపుకు వీధికుక్కలన్నీ కాజీపేట దాకా పరుగెత్తాయి. సరే, ఒక కుక్క తల ఎత్తి చూసి మళ్లీ పడుకుంది. కానీ నా కోపం మాత్రం కాజీపేట దాకా పోయింది.

చివరికి దానిమీదే ఇంకో పొర పోయడానికి ఒప్పుకున్నాడు. ఈసారి నేను వదల్లేదు. నీళ్లు నింపిన సన్నటి గొట్టం ఒక కొస ఆయన పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకొని, రెండు వైపులా నీళ్లు ఒకే ఎత్తులో నిలిచేదాకా ప్రతి మూలా చూశాం. "పాపం చేస్తానమో సార్" అని గొణుగుతూనే చదును చేశాడు. ఇంజనీరు హోదాలో నేను కూడా తాపీ పట్టి ఒక పక్క సాపు చేశాను. నేను లోపలికి పోగానే ఆయన ఆ పక్కను మళ్లీ సాపు చేసుకున్నాడు. కిటికీలోంచి చూశాను.

సిమెంటు గట్టిపడ్డాక తొట్టికి గాలి కొట్టి, నీళ్లు నింపి, కాచాం. నిండు తొట్టి ఎటూ ఒరగలేదు. మేస్త్రి కూడా చూద్దామని వచ్చాడు. మా ఆవిడ నైటీ మీద తువ్వాలు కప్పుకొని వచ్చేసరికి మర్యాదగా గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

తొట్టి అంచు ఆమె తొడల ఎత్తున ఉంది. ఆమె తొట్టిని చూసింది, నన్ను చూసింది. ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాను. ఎడమకాలు ఎత్తాలంటే కుడికాలి మీద నిలబడాలి, అది నిలబడదు. కుడికాలు ఎత్తుదామంటే అది వంగదు. ఎలాగో అంచుమీద కూర్చోబోయింది. గాలి తొట్టి కదా, అంచు దిండులా అణిగిపోయి నీళ్లు భళ్లున బయటికి దూకాయి. ఆమె వెనక్కి ఒరిగింది, నేను రెండు చేతులతో అందుకొని నిలబెట్టాను. లేదు, ఇద్దరం కలిసి కింద కూలబడ్డాం. మా చుట్టూ నీళ్లు అలాగే నిలిచిపోయాయి, ఒక్క చుక్క కూడా ఎటూ పోలేదు. మట్టం అంత బాగా కుదిరింది.

"హాయ్ అల్లా" అంటూ మేస్త్రి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి ఆమెను లేపి వరండా అంచున కూర్చోబెట్టాం. ఆమె మోకాలు రుద్దుకుంటూ తొట్టివైపు చెయ్యి చూపించింది.

"ఇందుల కూసునేది ఎవరు, మీ ఇద్దరా?" అంది.

"నువ్వే కదనే."

"మరి యాడ పెట్టాల్నో నన్ను అడిగిండ్రా? ఇన్ని రోజుల సంది నీళ్లు పోతయా ఉంటయా అని కొట్లాడుతాన్రు. నేను ఎట్ల దిగుత అని ఒక్కలన్న అనుకున్నరా? ఉగాదికి ఆ డాక్టరమ్మ నా కాలు కోస్తది. అప్పుడు ఇద్దరు ఆడ కూసోని మట్టం చూసుకోండ్రి."

ఆమె కూర్చున్న అంచును అరచేత్తో తట్టింది. "గీడికి ఆనిచ్చి పెట్టుండ్రి. వరండా, తొట్టి ఒక్కతీరు ఎత్తున్నయి. ఇట్ల కూసోని, కాళ్లు అటు తిప్పి, స్తంభం పట్టుకొని దిగుత."

అది వాకిట్లో నైరుతి మూల. "నైరుతిల నీళ్లు పెడ్తరానే?" అనే మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చేసింది.

"సార్‌కు వాస్తు పట్టింపు లేదన్నరు కద?" అన్నాడు మేస్త్రి, చాలా అమాయకంగా మొహం పెట్టి.

"నైరుతి ఏం చేస్తదో నాకు ఎరుక లేదు. ఈ మోకాలు ఏం చేస్తాందో ఎరుకే" అంది మా ఆవిడ. "మేస్త్రీ, రేపే రా. సార్‌ను అడగకు, నన్నడుగు."

"ఫికర్ చెయ్యకమ్మా" అన్నాడు ఆయన.

మళ్లీ బండలు లేపడం, కంకర కూరడం, గొట్టం పట్టుకోవడం. గొట్టం రెండో కొస ఈసారి మా ఆవిడే కుర్చీలో కూర్చొని పట్టుకుంది. నాకు సిమెంటు మీదికి పిల్లులు రాకుండా చూసే పని అప్పగించారు.

తొట్టి నిండిన రోజు ఆమె వరండా అంచున కూర్చొని, ఒక చేత్తో స్తంభాన్ని, ఇంకో చేత్తో నా భుజాన్ని పట్టుకొని, కాళ్లు లోపలికి తిప్పి జారింది. మెడదాకా నీళ్లలో కూర్చుంది. కళ్లు మూసుకుంది. కాసేపటికి నీళ్లకింద ఆమె కుడి మడమ కొద్దికొద్దిగా వెనక్కి జరగడం కనిపించింది. రోజూ ఆగిపోయే చోటికి వచ్చింది, ఆగింది, తర్వాత ఇంకొంచెం జరిగింది.

"వంగిందా?" అని అరిచినట్టే అడిగాను.

"ఒర్రకు. వంగుతాంది."

నన్ను కూడా తొట్టిలోకి దిగమందని రాద్దామనుకున్నాను. అనలేదు. చాయ్ పెట్టుకొని రమ్మంది, అందులో అల్లం దంచి వెయ్యమంది.